చలి కాచిన రేకులు

"ఆ చొక్కా వద్దు, తెల్లది వేసుకెళ్ళు," అంది మరదలు.

"పెళ్ళికి వెళ్తున్నానా ఏంటి," అన్నాడు తమ్ముడు, ఇస్త్రీ చేస్తున్న చొక్కా మీంచి చూపు ఎత్తకుండానే.

నిన్న సాయంత్రం నుంచి ఆ మొగుడూ పెళ్ళాల మధ్య నడిచిన మాటలు ఈ రెండే. మిగతాదంతా గిన్నెల చప్పుళ్ళతో, తలుపుల చప్పుళ్ళతో జరిగింది. చిన్న ఇల్లు. ఎవరు ఎవరిమీద అలిగినా మిగిలినవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది.

అక్క వంటింటి గుమ్మంలో కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడింది. తాగుదామని కాదు. చేతులకి ఏదో ఒక పని ఉండాలని.

తమ్ముడు రంగులు వేసే మేస్త్రీ. అణువిద్యుత్ ప్లాంటులో అతని కింద పన్నెండు మంది పనివాళ్ళు. అదే ప్లాంటు పరీక్షల గదిలో అక్క పదకొండేళ్ళుగా రేకులు పరీక్ష చేస్తోంది. అక్కడ అందరికీ ఆమె రేకుల మేడం. తమ్ముణ్ణి పనిలో పెట్టించిందీ ఆమే. పనిచోట మేడం అనాలిరా అని మొదటిరోజే చెప్పింది. వాడు బుద్ధిగా తలూపి, మర్నాడు పదిమందిలో "అక్కా, నిచ్చెన ఎక్కడుంది" అని కేకేశాడు. ఆరేళ్ళయినా వాడు మారలేదు. చెప్పి చెప్పి ఆమే ఊరుకుంది.

ఈరోజు పది గంటలకి అతను ఆఫీసులో ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. మరమ్మతులకి ప్లాంటు ఆపిన రోజుల్లో, రియాక్టరు భవనం పై అంతస్తులో పని ముగిశాక, ఎవరికీ చెప్పకుండా రెయిలింగుకి మళ్ళీ రంగు వేశానని ఒప్పుకునే కాగితం. పెడితే ఏడాదిపాటు అతన్ని గేటు లోపలికి రానివ్వరు. పెట్టకపోతే పన్నెండు మందికీ గేటు మూసేస్తారు. వెయ్యలేదు మొర్రో అని వారం రోజులు గొంతు చించుకున్నవాడు, నిన్న సాయంత్రం ఉన్నట్టుండి పెట్టేస్తానన్నాడు. మరదలి అలక అందుకే.

హాల్లో అక్క మామగారు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. అక్క మొగుడు బస్సు తోలుకుని తెల్లవారకముందే వెళ్ళిపోయాడు కాబట్టి ఈ పూట ఇంటికి పెద్దదిక్కు ఆయనే. ఆయనా ఆ పరీక్షల గదిలోనే ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. అక్కకి పని నేర్పింది ఆయనే. పనితనం చూసి మెచ్చి, తర్వాత కోడల్ని చేసుకున్నారు. ఆ గది గోడకి ఇప్పటికీ ఆయన ఫొటో వేలాడుతోంది.

పేపరు దించకుండానే ఆయన మొదలుపెట్టారు. రంగు వేసింది పన్నెండో తారీకు. రంగు ఆవిర్లు తగలకుండా రేకుల పెట్టెలకి కట్టిన ప్లాస్టిక్ తొడుగులు విప్పింది పదహారున. అమ్మాయి రేకులు పరీక్ష చేసింది ఇరవైన, అప్పటికి అవి నిక్షేపంలా ఉన్నాయి. ముప్పైన బయటినుంచి తనిఖీ ఆఫీసరు వచ్చి ఒక రేకు తీసి చూస్తే అది చచ్చిపడుంది. ఇరవైకీ ముప్పైకీ మధ్య ఎవరూ రంగు డబ్బా మూత తియ్యకపోతే ఇదెలా జరిగింది?

"తారీకులకి నీమీద పగేమీ లేదు కదా అబ్బాయ్," అన్నారు చివరికి.

మరదలి చేతిలో గిన్నె ఠంగుమంది. తమ్ముడు మాత్రం ఇస్త్రీ పెట్టె పక్కకి పెట్టి, చొక్కా తొడుక్కుంటూ అన్నాడు.

"మీరన్నదే నిజం మామయ్యగారూ. అక్క బాగున్నాయని రాసిందంటే బాగున్నట్టే. నేను వెయ్యలేదు. అంటే మావాళ్ళలోనే ఎవడో, గీత పడిందని చూసి చిన్నగా దిద్దుంటాడు. అడిగితే ఒక్కడూ నోరిప్పట్లేదు. ఎవడైతేనేం, నా మనిషే కదా. నేనే నెత్తిన వేసుకుంటా."

అక్క చూపు గ్లాసులోకి దించుకుంది. వాడు తనమీద తనకున్న నమ్మకాన్ని కూడా పక్కన పెట్టి, ఆమె రాసిన అంకెల్ని నమ్ముతున్నాడు. చెప్పెయ్యాలి, ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకుంది. ఈ వారంలో అలా అనుకోవడం అది ఎన్నోసారో.

తమ్ముడు చెప్పులేసుకుని గుమ్మం దగ్గర ఆగాడు.

"నువ్వేం దిగులు పెట్టుకోకు అక్కా. నేను పెట్టేస్తే ఇక నీ కాగితం జోలికి ఎవరూ రారు," అని వెళ్ళిపోయాడు.

కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది. ఆమె దాన్ని తొట్టిలో పారబోసింది.

* * *

మరదలు బట్టల మిల్లులో పనిచేస్తుంది. రంగు వేసిన గుడ్డలు ఉతికితే రంగు పోతుందా లేదా అని చూసే విభాగం. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఈరోజు సెలవు పెట్టింది. బల్లమీద పళ్ళేలు సర్దుతూ సర్దుతూ ఆగి, వదిన ఎదురుగా కూర్చుంది.

"వదినా, నాకొకటి చెప్పు. మా ఆయన పాడుచేశాడంటున్నారే, అసలు ఆ రేకులేంటి? పాడైతే ఏమవుతుంది? వారం నుంచి ఏడుస్తున్నాను గానీ, దేనికి ఏడుస్తున్నానో నాకు ఎవరూ చెప్పలేదు."

అక్క చెప్పింది. ఆ సంగతి చెప్పడం ఆమెకి కష్టం కాదు, కొత్తగా చేరినవాళ్ళకి ఏటా చెబుతూనే ఉంటుంది. రియాక్టరులో ఎప్పుడైనా ప్రమాదం జరిగి, ఇంధనం చుట్టూ నీళ్ళు తగ్గిపోయి అది విపరీతంగా కాగిపోతే, దాని లోహపు తొడుగు ఆవిరితో కలిసి హైడ్రోజన్ పుడుతుంది. తేలికైన వాయువు, పైకి పోయి గోపురం కింద చేరుతుంది. అది పెరిగిపోయాక ఒక్క నిప్పురవ్వ చాలు. అప్పుడు పేలేది లోపలే అయినా, పగిలేది మనకీ దానికీ మధ్యనున్న గోడ. అందుకే లోపల గోడలకి నలభై నాలుగు ఇనప పెట్టెలు బిగించారు. ఒక్కో దాంట్లో నలభై రేకులు. రేకు మీద పల్చటి పూత. హైడ్రోజన్ వచ్చి తగిలిందంటే ఆ పూత దాన్ని గాలిలోని ఆక్సిజన్‌తో కలిపేసి నీటి ఆవిరి చేసేస్తుంది. ఆ వేడికి పెట్టె తనే కింద గాలిని పైకి లాక్కుంటుంది. కరెంటు అక్కర్లేదు, మీట నొక్కే మనిషీ అక్కర్లేదు.

"అన్నీ చేతులెత్తేసిన రోజున పనిచెయ్యాల్సినవి అవి," అంది అక్క.

"మరి రంగు?"

రంగు ఆవిర్లు ఆ పూత మీద పేరుకుంటే రేకు పనిచెయ్యదని చెప్పింది. చూడ్డానికి ఏ తేడా ఉండదు. అందుకే పరీక్ష. పెట్టెకి పది చొప్పున రేకులు తీసి, చిన్న గాజు అరలో పెట్టి కొంచెం హైడ్రోజన్ పంపిస్తారు. పది నిమిషాల్లో వేడి చూపే ముల్లు పది డిగ్రీలు లేస్తే రేకు బతికున్నట్టు.

మరదలు అంతా విని, బల్లమీద గోటితో గీయడం మొదలుపెట్టింది.

"ఆయన ఇరవై తర్వాత వేశాడని వాళ్ళకెలా తెలుసు? చూసినవాళ్ళు లేరు, డబ్బా దొరకలేదు. నీ కాగితం ఒక్కటే కదా సాక్ష్యం?"

"అదొక్కటే."

"నువ్వు సరిగ్గానే చూశావు కదా వదినా?"

అడిగిన తీరులో అనుమానం లేదు. అవునను, నేను నిశ్చింతగా ఉంటాను అన్నట్టు అడిగింది. ఆ తీరుకే అక్క తట్టుకోలేకపోయింది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఇంక దాచడం ఆమె వల్ల కాలేదు.

పరీక్షల గదిలో వాళ్ళకొక అలవాటుంది. రేకులకి చలి కాపడం అంటారు దాన్ని. వానల రోజుల్లో రేకు చెమ్మ పట్టి ఉంటుంది. మంచి రేకే అయినా తడి మీద ముల్లు ఆలస్యంగా లేస్తుంది. అప్పుడు తప్పిందని రాస్తే పెట్టెలన్నీ ఊరికే విప్పాలి. అందుకని పరీక్షకి ముందు రేకుల్ని వేడిగాలి పెట్టెలో పావుగంట పెడతారు. పాపం చలేసింది వాటికి, కాస్త కాచుకోనీ అని నవ్వుకుంటారు. పుస్తకంలో మాత్రం వచ్చిన రేకుని వచ్చినట్టే పెట్టి చూడమనుంటుంది. ఆ వాక్యం అందరూ చదివారు. చదివి చలి కాపారు.

పదహారున తొడుగులు విప్పేనాటికి పై అంతస్తులో రంగు పూర్తిగా ఆరలేదు, ఆ ఆవిర్లు రేకులకి పట్టేశాయి. ఇరవయ్యో తారీకున ఆ రేకులకీ ఆమె అలాగే చలి కాపింది. ఆ వేడికి రంగు ఆవిర్లు కూడా ఎగిరిపోయాయి. ఒక్కో పెట్టెలోంచి తీసిన పది రేకులూ శుభ్రపడి పరీక్ష నెగ్గాయి. పెట్టెలో మిగిలిన ముప్పై అలాగే ఉండిపోయాయి. ఆఫీసరు తీసింది ఆ ముప్పైలో ఒకటి.

మరదలి గోరు ఆగిపోయింది.

"అంటే ముందే ఉతికేసిన ముక్క తీసుకుని, రంగు పోవట్లేదని రాశావన్నమాట," అంది నెమ్మదిగా. "మా మిల్లులో అలా రాసినవాళ్ళని ఆ పూటే పంపించేస్తారు."

అక్క తల వంచుకుంది.

"తడి రేకులకే చెప్పాను నేను."

ఆ మాట అన్నది వాళ్ళిద్దరిలో ఎవరూ కాదు. మామగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎప్పటినుంచి వింటున్నారో. చేతిలో పేపరు మడతలు నలిగిపోయి ఉన్నాయి.

"తడి అయితేనే చలి కాపమన్నాను. వాసన తగిలితే అక్కడే ఆపెయ్యమన్నాను. అన్నానా లేదా అమ్మాయ్?"

"అన్నారు మామయ్యా."

"వాసన వచ్చిందా?"

కుళాయి నుంచి బొట్టు బొట్టుగా నీళ్ళు కారుతున్నాయి. దాన్ని బాగుచేయించాలని నెలరోజులుగా అనుకుంటున్నారు.

"వచ్చింది," అంది. "వేడిగాలి పెట్టె తలుపు తియ్యగానే గుప్పున వచ్చింది."

"మరెందుకు ఆపలేదు?"

"రంగు వేసింది మావాడు. నేను ఆపితే, రంగు వల్ల ప్లాంటు మళ్ళీ మొదలుకాలేదంటారు. వాడి పేరే వస్తుంది. ఎలాగూ ముల్లు లేచింది కదా అని..." ఆగిపోయింది. తమ్ముడి కోసమే ఆ వాసన మింగేశానని వారం రోజులుగా తనకి తాను చెప్పుకుంటోంది. అది ఎంతవరకు నిజమో ఆమెకే తెలీదు. ఆరోజు పొద్దుపోయింది, ఇంకా ఆరు పెట్టెలున్నాయి, కాళ్ళు పీక్కుపోతున్నాయి. ఇల్లు చేరితే చాలనిపించింది. అందులో తమ్ముడి మీద ప్రేమ ఎంత, కాళ్ళనొప్పి ఎంత అని అడిగితే ఏం చెబుతుంది?

మామగారు వెనక్కి తిరిగి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. గడియ పెట్టిన చప్పుడు వినిపించింది. పగటిపూట ఆయన గడియ పెట్టుకోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

మరదలు లేచి గడియారం చూసింది. తొమ్మిదీ ఇరవై. మొగుడికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చేయాలి, అతను ఇచ్చేసి లోపలికి వెళ్ళిపోయుంటాడు.

ఇంకొకామె అయితే జుట్టు పట్టుకునేదేమో. మరదలు మేకుకున్న స్కూటరు తాళం తీసి వదిన చేతిలో పెట్టింది.

"సంతకం కాకముందే చేరుకో," అంది. "తిట్టాల్సినవన్నీ తర్వాత తిడతాను."

* * *

చేరేసరికి సంతకం అయిపోయింది.

ఆఫీసు గదిలో తమ్ముడు కుర్చీ అంచున కూర్చుని పెన్నుకి మూత పెడుతున్నాడు. తెల్ల చొక్కా వేసుకోలేదు, పాత నీలం చొక్కాయే. బల్లకి అవతల తనిఖీ ఆఫీసరు కాగితాన్ని ఫైలులో పెడుతూ, ఈ వ్యవహారం ఇంతటితో ముగిసిందని, పై అంతస్తు పెట్టెలు రెండూ శుభ్రం చేయించి మధ్యాహ్నానికి భవనం తలుపులు మూసేస్తామని, ఎల్లుండి ప్లాంటు మొదలవుతుందని చెబుతున్నాడు. పెద్దగా కోపం లేని మనిషి. ఉన్నదంతా ఓపికే.

"ఆ కాగితం తప్పు సార్. తప్పు నాది," అంది అక్క, ఆయాసం తీరకుండానే.

నిలబడే అంతా చెప్పింది. చలి కాపడం, వాసన, ముల్లు లేవడం, బాగున్నాయని రాసి సంతకం పెట్టడం. పై అంతస్తు రెండే కాదు, నలభై నాలుగు పెట్టెలూ అలాగే చూశానని కూడా చెప్పింది. ఒక్కో మాటా బయటికొస్తుంటే గుండె తేలిక పడుతుందనుకుంది. పడలేదు.

ఆఫీసరు తమ్ముడి వైపు తిరిగాడు. తమ్ముడు అప్పటికే లేచి నిలబడ్డాడు.

"నమ్మకండి సార్. నన్ను కాపాడ్డానికి చెబుతోంది. మా అక్క సంగతి మీకు తెలీదు. ఇంట్లో పాలు కాచినా గడియారం చూసి కాస్తుంది. అలాంటి పని చచ్చినా చెయ్యదు."

"చేశానురా."

"ఊరుకో అక్కా. నేను పెట్టేశాను, అయిపోయింది. నువ్వు కూడా పోతే ఇంట్లో ఇక ఎవరు మిగులుతారు?"

ఆఫీసరు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారని, సంతకం పెట్టినవాడి మాట కాదని రక్తసంబంధం ఉన్న మనిషి మాట పట్టుకుని ప్లాంటు మొదలుపెట్టడం ఆపలేనని మర్యాదగానే చెప్పాడు. అతని చెయ్యి ఫైలు మూసెయ్యడానికి కదిలింది.

"నా మాట వద్దు సార్, రేకుల్ని అడగండి," అంది అక్క.

పై అంతస్తు పెట్టెల్లో ఒకదాని రేకులు నలభై పరీక్షల గదిలోనే సీలు వేసి ఉన్నాయి. ఆమె చూసిన పదింటికి మూల మీద ఆకుపచ్చ చుక్క ఉంటుంది. ఇరవై తర్వాత నిజంగా ఎవరైనా రంగు వేసుంటే ఆవిర్లకి చుక్క ఉన్న రేకూ లేని రేకూ ఒకటే, రెండూ చచ్చిపోవాలి. వెయ్యకపోతే, ఆమె చలి కాపిన రేకుకి మాత్రమే ముల్లు లేస్తుంది, పక్కదానికి లేవదు. ఆఫీసరు రెండోసారి చెప్పించుకున్నాడు. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని లేచాడు.

పరీక్షల గదిలో సీలు అతనే తెంపాడు. వేడిగాలి పెట్టె ప్లగ్గు అతనే పీకేశాడు. ముందు చుక్క లేని రేకు గాజు అరలో పెట్టారు. పది నిమిషాలూ ముల్లు నిద్రపోయినట్టే పడుంది.

తర్వాత చుక్క ఉన్నది. పదిహేడో నంబరు. ఆ చుక్క పెట్టిన సాయంత్రం ఆమెకి గుర్తుంది.

గ్యాసు మీట తిప్పింది. చెయ్యి తనంతట తనే పనిచేసింది. గోడమీద ఫొటోలోంచి మామగారు ఎప్పటిలాగే సూటిగా చూస్తున్నారు. గడియ వేసిన తలుపు ఆమెకి గుర్తొచ్చింది. ఈ ముల్లు లేచిందంటే తమ్ముడు బయటపడతాడు. లేచిందంటే పదకొండేళ్ళలో తాను రాసిన ప్రతి కాగితమూ బయటికొస్తుంది, ఆ వెనకాల ముప్పై ఏళ్ళవీ వస్తాయి. రేకుల మేడం అన్న నోళ్ళతోనే నవ్వుతారు.

మొదటి నిమిషం కదల్లేదు. రెండో నిమిషం కదల్లేదు.

లేవకు.

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకి తెలీదు. పైకి అనలేదు, పెదవులు కూడా కదపలేదనుకుంది. కానీ మనసంతా ఆ ఒక్క మాటే అయిపోయింది. లేవకు, లేవకు, ఈ ఒక్కసారికీ లేవకు. తమ్ముడి కోసం స్కూటరు మీద పరిగెత్తుకొచ్చిన మనిషి, తమ్ముడి మెడకి చుట్టుకున్నది వదలకూడదని ముల్లుని బతిమాలుకుంటోంది. అది తనే అని గ్రహించి ఆమె చప్పున తలెత్తింది.

ఆఫీసరు ముల్లు వైపు చూస్తున్నాడు. తమ్ముడు చూడటం లేదు. వాడు ఆమె మొహంలోకే చూస్తున్నాడు. ముప్పై రెండేళ్ళుగా ఆ మొహం చూస్తున్నవాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే పక్కన కూర్చున్న మొహం అది. దానిమీద రాసున్నది చదవడానికి వాడికి పరికరం అక్కర్లేదు.

మూడో నిమిషంలో ముల్లు లేచింది. నాలుగు డిగ్రీలు, ఏడు, పది దాటి ఇంకా పోతూనే ఉంది.

ఆఫీసరు బల్లమీది ఫోను ఎత్తి, భవనం తలుపులు మూయొద్దని ఎవరికో చెప్పాడు. ఫోను పెట్టేసి అక్క వైపు తిరిగి, ఈ చలి కాపడం ఈ గదిలో ఎప్పటినుంచి ఉంది, ముందు ఎవరు మొదలుపెట్టారని అడిగాడు. అడుగుతున్నప్పుడు అతని చూపు గోడమీద ఫొటో దాకా వెళ్ళి ఆగింది.

ఆమె జవాబు చెప్పేలోగా తమ్ముడు ముందుకొచ్చి చెయ్యి చాపాడు.

"నా కాగితం నాకిచ్చెయ్యండి సార్," అన్నాడు.

తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మానికి అక్క అడ్డంగా ఉంది. ఏదన్నా అంటాడేమో, తిడతాడేమో, తిడితే బాగుండునని ఆమె వాడి వైపు చూసింది. వాడు నేల చూపు చూస్తూ, పనివాళ్ళు ఆమెతో మాట్లాడే గొంతుతో అన్నాడు.

"కొంచెం దారివ్వండి మేడం."